అభ్యంతరంతో మొదలైన జవాబు: పదో తరగతి తెలుగులో ఒక కేస్ స్టడీ

తెలుగు పేపర్లో "మీ అభిప్రాయం రాయండి", "కోరుతూ లేఖ రాయండి", "కరపత్రం తయారుచేయండి" అని కనిపిస్తే ఆ ప్రశ్నను ఖాళీగా వదిలేసే పిల్లలు ప్రతి సెక్షన్లో నలుగురైదుగురు ఉంటారు. పాఠం మీద ప్రశ్నకి ఎంతో కొంత రాస్తారు. తమ మాట చెప్పాల్సిన చోట మాత్రం కలం కదలదు. అలాంటి ఒక అమ్మాయి కేసు ఇది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. అమ్మాయిని 'ల' అంటాను.

నేపథ్యం

'ల' తల్లిదండ్రులు చెన్నైలో బిల్డింగ్ పనుల్లో ఉన్నారు. అమ్మాయి అమ్మమ్మ దగ్గర ఉంటుంది. ఈ ప్రాంతంలో ఇది వింతేమీ కాదు, తరగతిలో అలాంటి ఇళ్ల పిల్లలు ఇంకా ఉన్నారు. హాజరు బాగుంది. పద్యాలు అప్పజెబుతుంది. బిట్లలో, భాషాంశాల్లో తరగతి సగటుకి పైనే ఉంది. తరగతిలో లేపి అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పి కూర్చుంటుంది.

పరీక్ష సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. తెలుగు పేపరు 100 మార్కులకి. సమయం 3 గంటల 15 నిమిషాలు, అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే. 35 వస్తే పాస్. వ్యక్తీకరణ–సృజనాత్మకత విభాగంలో 4 మార్కుల చిన్న జవాబులు, 8 మార్కుల పెద్ద జవాబులు ఉంటాయి. లేఖ, కరపత్రం, సంభాషణ లాంటివి వచ్చేది ఈ 8 మార్కుల్లోనే. 'ల' పాస్ గురించి ఎవరికీ బెంగ లేదు. ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కుల మీద ఆధారపడుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లు ప్రతి మార్కూ లెక్కపెడుతున్నారు. తెలుగులో పోతున్న మార్కులన్నీ ఒకే చోట పోతున్నాయని అప్పటికి ఎవరూ చూడలేదు.

కనిపించిన సమస్య

పాత స్లిప్ టెస్టులు, సమ్మెటివ్ పేపర్లు తీసి ఒక పక్కన పెట్టుకుంటే ఒక వరస కనిపించింది. కవి పరిచయం, పాఠ్యభాగ సారాంశం లాంటి జవాబులు పేజీకి తగ్గవు. అభిప్రాయం అడిగిన జవాబు ఆరేడు లైన్లకు మించదు, లేదా అసలు ఉండదు. బస్సు సౌకర్యం కోరుతూ డిపో మేనేజరుకు రాసిన లేఖలో ప్రధాన భాగం ఇలా ఉంది:

"నేటి ఆధునిక యుగంలో రవాణా సౌకర్యం చాలా అవసరం. బస్సులు లేకపోతే విద్యార్థులు ఇబ్బందులు పడుతున్నారు. బస్సుల వల్ల చాలా ఉపయోగాలు ఉన్నాయి. అవి సమయం ఆదా, భద్రత మొదలైనవి. కావున మా గ్రామానికి బస్సు వేయగలరని అనుకుంటున్నాను. అందరూ దీని గురించి ఆలోచించాలి."

స్థలం, తేదీ, విషయం, 'ఆర్యా', 'ఇట్లు తమ విధేయురాలు' అన్నీ ఉన్నాయి. ఫార్మాట్‌లో వంక పెట్టడానికి లేదు. 8కి 3 వేస్తే ఎక్కువే వేసినట్టు.

ఈ ఆరు వాక్యాల్నీ ఒక్కొక్కటిగా చూడాలి, రోగం అందులోనే ఉంది. మొదటి వాక్యం గైడులోది. అది ఏ వ్యాసానికైనా అతుకుతుంది కాబట్టి దేనికీ అతకదు. రెండో వాక్యంలో ఇబ్బంది ఉందన్నారు కానీ ఏ ఇబ్బందో లేదు. 'మొదలైనవి' అన్న మాట, చెప్పడానికి ఇంకేమీ దొరకలేదని దిద్దేవాళ్లకి చెప్పేస్తోంది. 'వేయగలరని అనుకుంటున్నాను' అంటే అడిగినట్టా, ఊహించినట్టా? చివరి వాక్యం అసలు గుట్టు విప్పింది. లేఖ డిపో మేనేజరుకి. ఆలోచించాల్సింది 'అందరూ' అట. అంటే రాస్తున్నంతసేపూ ఆమె ఎదుట ఎవరూ లేరు.

ధైర్యం చాలక తక్కువ రాస్తోందని అనుకోవడం తేలిక. చెప్పడానికి విషయం లేదా అంటే, అదీ ఆమె దగ్గరుంది. ఆ బస్సు కోసం రోజూ నిలబడే పిల్ల. అందుకని ఈ కేసులో తేల్చాల్సిన ప్రశ్న: తెలిసిన విషయం కాగితం మీదకి ఎందుకు రావడం లేదు?

ముందు చేసినవి, అవి పనిచేయకపోవడానికి కారణాలు

అందరూ చేసేదే మొదట జరిగింది, నమూనా జవాబులు బట్టీ పట్టించడం. ప్లాస్టిక్, చెట్లు, పరిశుభ్రత, ఆడపిల్లల చదువు, ఈ నాలుగూ వస్తే చాలావరకు గట్టెక్కవచ్చని స్టడీ అవర్లో చెప్పించే పద్ధతి. ప్రశ్న అచ్చంగా అదే వస్తే పనిచేస్తుంది, కాదనను. కానీ తర్వాతి స్లిప్ టెస్టులో వీధి దీపాల గురించి పంచాయతీకి లేఖ అడిగితే, 'ల' పరిశుభ్రత వ్యాసాన్ని తెచ్చి మధ్యలో 'దీపాలు' అన్న మాట రెండుచోట్ల ఇరికించింది. బట్టీ పట్టిన జవాబుకి తలుపు ఒక్కటే. ప్రశ్న వేరే తలుపు తడితే పిల్ల లోపలే ఉండిపోతుంది.

తర్వాత, ఏ ప్రశ్నకైనా ఐదు పాయింట్లు రాయమన్న నియమం. దీంతో జవాబు పొడవు పెరిగింది. బస్సు వల్ల సమయం ఆదా, డబ్బు ఆదా, కాలుష్యం తగ్గుదల, భద్రత, ఆరోగ్యం. ఐదూ నిజమే, ఐదూ విడివిడిగా పడి ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టలేదు. ఒప్పించే జవాబుకి పాయింట్ల లెక్క కన్నా వాటి మధ్య 'అయితే', 'అందుకే', 'అలాగని' అన్న బంధం ముఖ్యం. లెక్క అడిగితే పిల్లలు లెక్కే ఇస్తారు.

తరగతిలో చర్చ పెట్టడం కూడా జరిగింది. మాట్లాడగలిగే నలుగురు మాట్లాడారు, 'ల' ఇంకా వెనక్కి జరిగింది. ఇందులో ఆశ్చర్యం లేదు. వక్తృత్వ పోటీలకు వెళ్లే పిల్లల ముందు నోరు విప్పమనడం వెనకబెంచీ పిల్లకి సాయం కాదు.

ఎర్ర ఇంకు సంగతి విడిగా చెప్పాలి. 'సదువు', 'ఎల్తారు', 'ఆళ్లు', 'సేత్తారు' అని ఇంటి మాట కాగితం మీదకి రావడం ఈ జిల్లాలో మామూలు. ప్రతిదాని కిందా గీత గీసి ఇస్తే, పిల్ల దాని నుంచి నేర్చుకున్నది ఒక్కటే: తక్కువ రాస్తే తక్కువ గీతలు పడతాయి. 'ల' పేపర్లలో అభిప్రాయ జవాబులు ఏడాదిలో క్రమంగా చిన్నవవుతూ వచ్చాయి. గైడు వాక్యాలు పెరిగాయి, ఎందుకంటే వాటిలో తప్పులు పడవు. ఆమె దృష్టిలో అది తెలివైన పనే.

'బాగుంది, ఇంకా రాయి' అన్న ప్రోత్సాహం వల్ల కూడా ఏమీ మారలేదు. ఏది బాగుందో చెప్పని మెప్పును పిల్లలు నమ్మరు.

ఆధారం దొరికిన చోటు

ఇంటర్ ఎక్కడ చేరతారన్న మాట వచ్చినప్పుడు, టౌన్లో కాలేజీ వద్దని అమ్మమ్మ అంటోందని 'ల' చెప్పింది. ఏమంటుందని అడిగితే అమ్మమ్మ గొంతుతోనే అప్పజెప్పింది (ఇక్కడి మాటలో గుంట అంటే అమ్మాయి): "ఆడగుంటకి అంత దూరం సదువెందుకు? ఎవులు సూత్తారు?" మరి నువ్వేమన్నావని అడిగితే వెంటనే వచ్చింది: "నానొక్కదాన్నే ఎల్లను గదా అన్నాను మాస్టారూ. మా ఊరి గుంటలు ముగ్గురు ఆ కాలేజీలోనే సదువుతున్నారు. ఆళ్లమ్మలు రోజూ నీతోనే గదా జీడిపప్పు పనికి వొచ్చేది, ఆళ్లనే అడుగు అన్నాను."

ఇందులో ఏముందో చూడండి. ఎదుటి మనిషి భయం ఏదో సరిగ్గా పట్టుకుంది: దూరం కాదు, ఒంటరితనం. దానికే జవాబిచ్చింది. సాక్ష్యంగా అమ్మమ్మకి నమ్మకమున్న మనుషుల్ని తెచ్చింది. చివర్లో అమ్మమ్మ చేయగలిగిన పని ఒకటి చెప్పింది, వాళ్లని అడగమని. 8 మార్కుల జవాబుకి కావలసిన సరుకంతా మూడు నాలుగు మాటల్లో ఉంది. పరీక్షలో ఇదే అమ్మాయి "నేటి సమాజంలో స్త్రీ విద్య చాలా అవసరం" అని మొదలెడుతుంది.

తేడా ఎక్కడుంది? ఇంట్లో ముందు అభ్యంతరం వచ్చింది, తర్వాత ఆమె మాట్లాడింది. పరీక్షలో ఎవరూ అడ్డు చెప్పరు. అడ్డు చెప్పేవాళ్లు లేనప్పుడు ఏం రుజువు చేయాలో తెలియదు, అందుకే జనరల్ మాటలు. కాబట్టి ధైర్యం నూరిపోయడం మానేసి, అడ్డుమాటను కాగితం మీద ముందే పెట్టాలని నిర్ణయించాను.

పనిచేసిన పద్ధతి

నోటుబుక్ పేజీని ఎనిమిది ముక్కలు చేస్తే వచ్చేంత చీటీ. పక్కనున్న పిల్ల దాని మీద ఒకే ఒక్క అభ్యంతరం రాస్తుంది. ఎవరి నోటి మాటో కూడా రాయాలి: డిపో మేనేజరు, సర్పంచి, అమ్మమ్మ, చేపలమ్మే ఆవిడ. 'ల' ఆ చీటీ చూసి ఒక వాక్యంలో జవాబు రాస్తుంది. అంతే. మొదట్లో జవాబు ఒక వాక్యం దాటకూడదని కట్టడి. పేజీ నింపాలన్న భయం పోవడానికే ఆ కట్టడి. జతకి కూడా ఇంకో నెమ్మది పిల్లనే ఇచ్చాను. గట్టిగా మాట్లాడే పిల్లని జత చేస్తే చీటీ మీద అభ్యంతరం బదులు తీర్పు వస్తుంది.

ప్లాస్టిక్ ప్రశ్న మీద వచ్చిన మొదటి చీటీ: "చేపలు తడిగా ఉంటాయి, గుడ్డసంచిలో ఎలా తెస్తాం? – సంతలో అత్త." దానికి 'ల' జవాబు: "చేపలకు మూత ఉన్న డబ్బా తీసుకెళ్లండి, మిగతా కూరలకు గుడ్డసంచి." పిల్లల కరపత్రాల్లో సాధారణంగా ప్లాస్టిక్ 'భూతం' అవుతుంది, 'మహమ్మారి' అవుతుంది, చేపల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఈ ఒక్క వాక్యంతో ఆమె కరపత్రం తరగతిలో మిగతావాటి నుంచి విడిపోయింది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో కొన్నింటిని దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారన్న సమాచారం తర్వాత చేర్చాం. అది ముందు వస్తే మళ్లీ గైడు గొంతే వస్తుంది. ఈ వరస ముఖ్యం.

చీటీలు అలవాటయ్యాక వాటిని జవాబుగా పెంచడానికి ఆరు మెట్లు ఇచ్చాను. ఒకటి, ఏం కావాలో లేదా ఏమంటున్నామో సూటిగా. రెండు, దానికి అన్నిటికన్నా బలమైన కారణం, ఒక్కటే. మూడు, ఆ కారణాన్ని చూపించే చోటు, మనిషి లేదా అంకె. నాలుగు, ఎదుటివాడి అభ్యంతరం, అతని మాటల్లోనే. ఐదు, దానికి సమాధానం. ఆరు, అతను చేయగలిగిన ఒక పని. ఒక్కో మెట్టుకి రెండు మూడు వాక్యాలు పడితే 18 నుంచి 20 లైన్లు వస్తుంది, 8 మార్కులకి అది సరిపోతుంది.

ఆరో మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టాల్సి వచ్చింది. బస్సు లేఖలో 'ల' మొదట కొత్త బస్సు అడిగింది. డిపో మేనేజరు దగ్గర కొత్త బస్సులు వరసగా నిలబడి ఉండవు. అతను చూసేది ఓఆర్, అంటే సీట్లు ఎంతవరకు నిండుతున్నాయన్న లెక్క. ఉన్న సర్వీసు వేళ మార్చడం అతనికి కొత్త బస్సు వేయడం కన్నా తేలిక. 'అతని చేతిలో ఉన్న పని ఏది?' అన్న ప్రశ్న వేసుకున్నాక లేఖ స్వరూపమే మారింది:

"మా బడి సాయంత్రం 4 గంటలకు వదులుతారు. మా ఊరి బస్సు జంక్షన్ నుంచి 3.55కే వెళ్లిపోతుంది. తర్వాతి బస్సు 6 గంటలకు. అప్పటివరకు పదకొండు మందిమి అక్కడే నిలబడతాం, అందులో ఏడుగురం ఆడపిల్లలం. నవంబరు, డిసెంబరులో ఐదున్నరకే చీకటి పడుతుంది. మేము కొత్త బస్సు అడగడం లేదు. ఉన్న బస్సును 20 నిమిషాలు ఆలస్యంగా నడపమని అడుగుతున్నాం. వేళ మారిస్తే ఇప్పుడు ఎక్కేవాళ్లు తగ్గిపోతారని మీరు అనవచ్చు. ఆ బస్సు నిండేది సంత రోజున మాత్రమే. ఆ ఒక్కరోజు పాత వేళకే నడపండి. ఒక నెల చూసి, టికెట్లు తగ్గితే తిరిగి మార్చేయండి."

'ఒక నెల చూసి' అన్నది ఆమె సొంతం. ఒప్పించే రాతలో ఇది చాలా పెద్ద ఎత్తు: వద్దనడానికి ఉన్న నష్టభయాన్ని తగ్గించడం. ఎవరూ నేర్పలేదు. అమ్మమ్మ దగ్గర ఎన్నిసార్లు వాడి ఉంటుందో.

అంకెల విషయంలో ఒక హెచ్చరిక. 'ఆధారం రాయండి' అనగానే పిల్లలు "90 శాతం మంది ప్రజలు" అని పుట్టిస్తారు. 'ల' కూడా పుట్టించింది. అందుకు పెట్టిన నియమం: తను లెక్కపెట్టగలిగిన అంకె, లేదా పుస్తకంలో చదివి గుర్తున్న అంకె. రెండూ కాకపోతే అంకె వద్దు, చోటు చెప్పు. 'మా వీధిలో ఆరు స్తంభాలుంటే రెండే వెలుగుతాయి' అన్నది ఏ శాతానికీ తీసిపోదు. ఊరి పేరు, తన పేరు మాత్రం పరీక్షలో రాయకూడదు. ఆ చోట ××× పెట్టాలని మొదటినుంచీ అలవాటు చేశాం. ఆఖర్లో చెబితే కంగారులో మర్చిపోతారు.

భాష దిద్దడాన్ని పూర్తిగా వేరు చేశాను. మొదటి విడతలో ఇంటిమాట ఎలా వస్తే అలా రాయొచ్చు. దిద్దేటప్పుడు నా పెన్సిల్ టిక్కు ఒక్క వాక్యానికే పడుతుంది, ఎదుటివాడి మనసు నిజంగా కదిలించగల వాక్యానికి. మిగతాచోట ఏ గుర్తూ ఉండదు. ఆ టిక్కు ఏ వాక్యానికి పడిందో, ఎందుకు పడిందో 'ల' చెప్పగలగాలి. రెండో విడతలో రూపాల మార్పు: ఆమె పేపర్లలో పదేపదే వచ్చినవి పదో పన్నెండో తేలాయి. వత్తారు–వస్తారు, ఎల్లి–వెళ్లి, సెప్పి–చెప్పి, ఆళ్లు–వాళ్లు, సూత్తారు–చూస్తారు, ఇలా. వాటిని నోటుబుక్ వెనక అట్ట లోపల రాసుకుని, రాసింది చదివేటప్పుడు అవి మాత్రమే వెతికేది. మొత్తం వ్యాకరణం వెతకమంటే ఏదీ దొరకదు. పన్నెండు వెతకమంటే తొమ్మిదో పదో దొరుకుతాయి. కరపత్రంలోని సంభాషణ వాక్యంలో ఇంటిమాట ఉంటే దాన్ని కొటేషన్లలో ఉంచమన్నాను. అక్కడ అది తప్పు కాదు, ప్రాణం.

'అనుకుంటున్నాను', 'కావచ్చు' అన్నవాటిని కొట్టేయించేటప్పుడు కూడా చూసి చేయాలి. అడుగుతున్న వాక్యంలో అవి ఉండకూడదు. కానీ 'చాలాచోట్ల', 'సాధారణంగా' అన్నవి నిజాన్ని కాపాడే మాటలు, వాటిని ఉంచాలి. అన్నీ కొట్టించేస్తే పిల్ల రాత గట్టిగా కాదు, దబాయింపుగా తయారవుతుంది.

మధ్యలో వచ్చిన తిరకాసులు

ఆరు మెట్లు కొత్త గైడు అయిపోయే ప్రమాదం త్వరలోనే కనిపించింది. ప్రతి జవాబులో "కొందరు చెట్లు అవసరం లేదు అనవచ్చు. అది తప్పు" అని రావడం మొదలైంది. చెట్లు అవసరం లేదని ఏ ఊళ్లో ఎవరంటారు? ఓడించడానికి సుఖంగా ఉంటుందని పిల్లలు ఇలాంటి గడ్డిబొమ్మను నిలబెడతారు. అందుకే చీటీ మీద అన్న మనిషి ఎవరో రాయాలన్న నియమాన్ని గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. అన్న మనిషి దొరక్కపోతే ఆ అభ్యంతరం చెల్లదు.

చెట్ల కరపత్రానికి అసలు అభ్యంతరం ఉద్దానంలో వెతికితే దొరికింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడి కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. పెద్దవాళ్ల మాట: "కొబ్బరి కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. మళ్లీ తుపానొస్తే?" దీన్ని 'అది తప్పు' అని తోసేయలేం. 'ల' చాలాసేపు ఆగిపోయింది. ఆగిపోవడం మంచి గుర్తు, అభ్యంతరం నిజమైనదన్నమాట. చివరికి రాసింది: "మళ్లీ తుపాను రాదని మేము చెప్పలేము. అందుకే తోట మొత్తం ఒకే చెట్టు పెట్టవద్దు. సముద్రం వైపు సరుగుడు వేయండి, కొబ్బరి మధ్యలో ఏటా పంటనిచ్చేవి వేయండి. ఒకటి పోతే ఇంకొకటి నిలబడుతుంది." ఎదుటివాడి మాటలో నిజమున్నంతవరకు ఒప్పుకుని, మిగతా దాని మీద నిలబడటం మామూలుగా పై తరగతుల్లో గానీ రాని నేర్పు. నిజమైన అభ్యంతరం ఇస్తే పదో తరగతిలోనే వస్తుంది.

ఇంకో తిరకాసు, దీనాలాపన. మనసు కదిలించాలి అన్నందుకు "మా కన్నీళ్లు తుడవండి", "మా బతుకులు చీకటయ్యాయి" అని రావడం. ఇక్కడ ఒక ప్రశ్న సరిపోయింది: ఇది చదివాక డిపో మేనేజరుకి ఏం చేయాలో తెలుస్తుందా? తెలియకపోతే ఆ వాక్యం పోవాలి.

ప్రీఫైనల్‌లో పాత అలవాటు తిరిగొచ్చింది. గడియారం చూసేసరికి "నేటి ఆధునిక యుగంలో" అంటూ మొదలెట్టేసింది, తర్వాత మూడు వాక్యాలు దాని వెంటే వెళ్లాయి. కంగారులో చేతికి మొదట తగిలేది బట్టీ వాక్యమే. అందుకని మొదటి వాక్యం రాయడమే వాయిదా వేయించాను. ప్రశ్నకి కేటాయించిన 15 నిమిషాల్లో మొదటి మూడు నిమిషాలు మార్జిన్లో పెన్సిల్‌తో రెండే రెండు: ఎవరికి? అతను ఏమంటాడు? తర్వాత రెండు లైన్లు ఖాళీ వదిలి, కారణం నుంచి రాయడం మొదలు. జవాబు పూర్తయ్యాక, ఏం అడిగామో అప్పటికి తెలుస్తుంది కాబట్టి, ఆ రెండు లైన్లు నింపడం. ఆఖరి రెండు నిమిషాలు పన్నెండు రూపాల వెతుకులాట. ఖాళీ లైన్లు నింపడం మర్చిపోతే నష్టమే, అందుకని అక్కడ మార్జిన్లో చుక్క పెట్టే అలవాటు కూడా చేయించాం. స్పాట్ వాల్యుయేషన్లో కట్టలు కట్టలుగా దిద్దేవాళ్లు మొదటి రెండు లైన్లలోనే ఇది బట్టీనా, సొంతమా అని పోల్చుకుంటారు. ఆ లైన్లు చివర రాస్తేనే బాగుంటాయన్నది ఈ కేసులో తేలిన పనికొచ్చే చిట్కా.

ఎంతవరకు వచ్చింది

లేఖ, కరపత్రం, సంభాషణ: ఈ మూడింటిలో బడి పరీక్షల్లో 3 దగ్గర ఆగే అమ్మాయి 6, 7 దగ్గర నిలదొక్కుకుంది. ప్రశ్న వదిలేయడం పూర్తిగా పోయింది. సోషల్‌లో వలసల మీద అభిప్రాయం అడిగితే చీటీ లేకుండానే ఎదుటి మాటను తెచ్చి రాసిందని ఆ సబ్జెక్టు మాస్టారు చూపించారు. పబ్లిక్ మెమోలో సబ్జెక్టు మొత్తం మార్కులే ఉంటాయి, ప్రశ్నల వారీగా ఉండవు. కాబట్టి అక్కడ వచ్చిన మార్కుల్ని ఈ పద్ధతి ఖాతాలో వేయను.

రానిదీ ఉంది. పాఠంలోని పాత్ర మీద "ఇతను చేసింది సరైనదేనా?" అన్న ప్రశ్నకి ఆమె జవాబు ఇప్పటికీ కథ చెప్పడంగానే సాగుతుంది. అక్కడ ఎదుటి మనిషి ఎవరు? పాత్రా, రచయితా, దిద్దేవాళ్లా? ఆమెకి స్పష్టం కాలేదు, చీటీ పద్ధతి కూడా దానికి సరిగ్గా అమరలేదు. పాత్రని సమర్థించే పిల్ల ఒకరు, తప్పుపట్టే పిల్ల ఒకరు చీటీలు మార్చుకుంటే కొంత కదలిక వచ్చింది కానీ, పాఠంలోంచి సాక్ష్యం తీసే పని విడిగా నేర్పాల్సిందే. తరగతిలో మాట్లాడటం కూడా పెద్దగా మారలేదు. అది లక్ష్యం కాదు కాబట్టి దాని వెంట పడలేదు. రాతలో గట్టిపడిన పిల్ల మాటలో మెతగ్గా ఉండొచ్చు.

ఇంకో చోట వాడదలచినవాళ్లకి

నలభై మంది ఉన్న తరగతిలో అందరికీ ఇలా చేయడం కుదరదు, అవసరమూ లేదు. బాగా రాసే పిల్లలకి ఆరు మెట్లు అడ్డు తగులుతాయి, వాళ్లకి ఇవ్వకండి. అభిప్రాయ ప్రశ్న వదిలేసినవాళ్లని పాత పేపర్లలోంచి ఏరితే ఆరుగురో ఏడుగురో తేలతారు. వారానికి రెండుసార్లు, పీరియడ్ చివరి పది నిమిషాలు వాళ్లకి చాలు. చీటీలు మీరే రాసివ్వకండి. మాస్టారి అభ్యంతరం ఎప్పుడూ పుస్తకం భాషలో ఉంటుంది, దానికి జవాబూ పుస్తకం భాషలోనే వస్తుంది. సంతలో, బస్టాపులో, ఇంట్లో విన్నది పిల్లలే తేవాలి.

మెట్లు తీసేయాల్సిన వేళ కూడా చూసుకోవాలి. 'ల' విషయంలో, వరస మార్చి నాలుగో మెట్టుతోనే జవాబు మొదలెట్టిన రోజున తీసేశాను. "కొత్త బస్సు వేయడానికి ప్యాసింజర్లు లేరని మీరు కిందటి ఏడాది మా సర్పంచి గారితో అన్నారు" అని మొదలుపెట్టింది. వరస తప్పింది, కానీ ఎవరికి రాస్తోందో మొదటి లైన్లోనే తెలిసిపోయింది. చీటీలను మాత్రం పబ్లిక్ పరీక్షల దాకా ఆపలేదు. అభ్యంతరాలు రాసే పిల్లలు కూడా ఈలోగా పదునెక్కుతారు, వాళ్ల పేపర్లూ పక్కన పెట్టి చూడండి.